మగ గుర్రాలలో శిశ్నపు తొడుగు పరిశుభ్రత – పరాన్నజీవుల నివారణ

గుర్రాల పోషణలో గిట్టలకు, పళ్లకు, కడుపునొప్పికి లభించే శ్రద్ధ శిశ్నపు తొడుగుకు సాధారణంగా లభించదు. ఆ భాగం కంటికి కనిపించకపోవడం, తాకబోతే గుర్రం బెదరడం ఇందుకు ముఖ్య కారణాలు. మూత్రధార సన్నబడినప్పుడో, తొడుగు వాచినప్పుడో, వర్షాకాలంలో పుండు మానకుండా పెరిగినప్పుడో మాత్రమే యజమాని పశువైద్యుని ఆశ్రయిస్తాడు. అటువంటి పుండుకు మూలం చాలా సందర్భాలలో తొడుగులో కాక, శాలలో పేరుకున్న లద్దెలో ఉంటుంది. కనుక తొడుగు పరిశుభ్రతను, పరాన్నజీవుల నివారణను వేర్వేరు పనులుగా కాక ఒకే కార్యక్రమంగా చేపట్టవలసి ఉంటుంది.

స్మెగ్మా – దాని పాత్ర

తొడుగు లోపలి గ్రంథుల స్రావం, రాలిన చర్మకణాలు, ధూళి కలిసి బూడిద లేదా నలుపు రంగు జిడ్డు పదార్థంగా ఏర్పడతాయి. దీనినే స్మెగ్మా అంటారు. కొద్దిపాటి స్మెగ్మా సహజమైనది, అది వ్యాధి లక్షణం కాదు. వృషణాలు తొలగించిన గుర్రాలలో కొన్ని శిశ్నాన్ని పూర్తిగా వెలికి తీయకుండానే మూత్రం పోస్తాయి. వాటిలో ఇది ఎక్కువగా పేరుకుంటుంది. శిశ్నాగ్రంలో మూత్రనాళ ద్వారం చుట్టూ ఉండే గుంటలో స్మెగ్మా గట్టిపడి చిక్కుడు గింజ వంటి ఉండగా మారవచ్చు. ఈ ఉండ పెద్దదైతే మూత్రనాళాన్ని నొక్కుతుంది. అప్పుడు మూత్రధార సన్నబడడం లేదా చీలడం, గుర్రం పదేపదే ముక్కడం గమనించవచ్చు.

లద్దె నుండి పుండు వరకు

హాబ్రోనీమా, డ్రాస్కియా జాతుల నట్టలు గుర్రం జీర్ణాశయంలో నివసిస్తాయి. వాటి సంతతి లద్దెతో బయటకు వస్తుంది. లద్దెలో పెరిగే ఈగ డింభకాలు దానిని మింగుతాయి. ఈగ ఎదిగేసరికి నట్ట డింభకం కూడా సంక్రమణ దశకు చేరి ఈగ నోటి భాగాలలో ఉంటుంది. ఇంటి ఈగ, శాలలోని కుట్టే ఈగ ఈ పనికి ముఖ్య వాహకాలు. ఈగ గుర్రం పెదవులపై వాలినప్పుడు డింభకాలు మింగబడి జీర్ణాశయంలో పెరిగి పెద్దవవుతాయి. కంటి మూలలు, గాయాలు, శిశ్నాగ్రం వంటి తేమగల చోట్ల వాలినప్పుడు మాత్రం అవి ఎదగలేక, అక్కడే తీవ్రమైన వాపును, ఎర్రని కండ పెరుగుదలను కలిగిస్తాయి. పుండులో పసుపుపచ్చని గట్టి రేణువులు కనిపించడం, దురద, ఈగలు తగ్గే చలికాలంలో పుండు తగ్గి మరుసటి ఏడాది తిరగబెట్టడం దీని లక్షణాలు.

వ్యాధి నిర్ధారణలో జాగ్రత్తలు

ఉత్తర భారతంలో ఇటువంటి పుండ్లకు వాడుకలో ఉన్న 'బర్సాతి' అనే పేరు వర్షరుతువును సూచిస్తుంది. అయితే ఆ పేరుతో పిలిచిన పుండ్లన్నీ ఒకే వ్యాధి కావు. నిలువ నీటిలో ఉండే పైథియం వల్ల కలిగే పుండ్లను కూడా అలాగే పిలిచారు. అంతకన్నా ముఖ్యమైనది క్యాన్సర్. శిశ్నంపై వచ్చే గడ్డలలో స్క్వేమస్ కణ క్యాన్సర్ ప్రధానమైనది. రంగులేని గులాబీ చర్మం గల గుర్రాలలో ఇది ఎక్కువ. మానని పుండును వేసవి పుండుగా భావించి నెలల తరబడి పూతమందులతో కాలం గడిపితే శస్త్రచికిత్సకు అనువైన దశ దాటిపోతుంది. కాబట్టి నట్టల మందుకు లొంగని పుండు నుండి చిన్న ముక్క తీసి కణజాల పరీక్షకు పంపాలి.

తొడుగు వాపుకు పుండు ఒక్కటే కారణం కాదు. జోరీగల ద్వారా వ్యాపించే సర్రా వ్యాధిలో జ్వరం, రక్తహీనతతో పాటు పొట్ట అడుగున, కాళ్లలో, తొడుగులో నీరు చేరుతుంది. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ పంజాబు ప్రాంతపు గుర్రాలు, ఒంటెల రక్తంలో ఈ వ్యాధికారక ట్రిపనోసోమాను గుర్తించారు. జ్వరంతో కూడిన వాపు కనిపిస్తే తొడుగు కడగడానికి ముందే రక్తపరీక్ష చేయించాలి.

కడిగే విధానం

తొడుగును నెలకొకసారి పరిశీలించాలి, అవసరమైనప్పుడే కడగాలి. వృషణాలు తొలగించిన గుర్రాలకు సాధారణంగా ఏడాదికి ఒకటి రెండు సార్లు చాలు. చేతి తొడుగులు ధరించి, గోరువెచ్చని నీటితో, మెత్తని దూదితో జిడ్డును నానబెట్టి తీయాలి. సబ్బు వాడితే అది గాఢత లేనిదై ఉండాలి, దానిని పూర్తిగా కడిగివేయాలి. గుంటలోని ఉండను వేలితో నెమ్మదిగా వెలికి తీయాలి. ఒక గుర్రానికి వాడిన దూదిని, నీటిని మరొక దానికి వాడరాదు.

గాఢమైన క్రిమినాశకాలతో పదేపదే కడిగితే చర్మంపై సహజంగా ఉండే హానిరహిత సూక్ష్మజీవులు నశించి, వాటి స్థానంలో సూడోమోనాస్, క్లెబ్సియెల్లా స్థిరపడవచ్చు. సంపర్కానికి వాడే పోతుగుర్రం వీటిని ఆడగుర్రాల గర్భాశయానికి చేరవేస్తుంది. అందువల్ల అటువంటి వాటికి సంపర్కానికి ముందు శుభ్రమైన గోరువెచ్చని నీరు చాలు. బెదిరే గుర్రానికి మత్తుమందును పశువైద్యుడే ఎంపిక చేయాలి. ఎసిప్రోమజిన్ వల్ల శిశ్నం తిరిగి లోపలికి పోలేని స్థితి ఏర్పడే ప్రమాదం ఉంది.

నట్టల మందు వాడకం

ఐవర్‌మెక్టిన్‌ను కిలో శరీర బరువుకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున నోటి ద్వారా ఇస్తారు. ఇది హాబ్రోనీమాపై, జీర్ణాశయంలోని బాట్ ఈగ డింభకాలపై పనిచేస్తుంది. బరువును కంటితో అంచనా వేస్తే మోతాదు తరచు తగ్గుతుంది, తక్కువ మోతాదు మందుకు లొంగని నట్టలను పెంచుతుంది. ఎదిగిన గుర్రంలో ఛాతీ చుట్టుకొలతను అదే సంఖ్యతో హెచ్చించి, వచ్చిన దానిని భుజపు మొన నుండి పిరుదు మొన వరకు గల పొడవుతో హెచ్చించి, 11,900తో భాగిస్తే బరువు కిలోలలో వస్తుంది. కొలతలు సెంటీమీటర్లలో ఉండాలి. చుట్టుకొలత 160, పొడవు 140 అయితే బరువు సుమారు 301 కిలోలు, మందు సుమారు 60 మిల్లీగ్రాములు.

స్ట్రాంగైల్ నట్టల విషయంలో మందంతా అన్ని గుర్రాలకు ఒకే తేదీన ఇవ్వడం కన్నా లద్దె పరీక్షను అనుసరించడం మేలు. మందలోని 20 నుండి 30 శాతం గుర్రాలే దాదాపు 80 శాతం గుడ్లను విసర్జిస్తాయి. మందు ఇచ్చిన 14 రోజులకు తిరిగి లెక్కించాలి. ఫెన్‌బెండజోల్ వాడినప్పుడు గుడ్ల సంఖ్య 90 శాతమైనా తగ్గకపోతే నట్టలు ఆ మందుకు లొంగడం లేదని అనుమానించాలి. హాబ్రోనీమా మాత్రం సాధారణ లద్దె పరీక్షలో అరుదుగా బయటపడుతుంది. గుడ్లు కనిపించలేదని దానిని కొట్టివేయరాదు.

శాల యాజమాన్యం

వేడి వాతావరణంలో ఈగ గుడ్డు నుండి పెద్ద ఈగ కావడానికి 7 నుండి 10 రోజులు చాలు. కనుక లద్దెను, తడిసిన పరుపు గడ్డిని ప్రతిరోజు తీసి, శాలకు దూరంగా కుప్పవేసి కప్పి ఉంచాలి. కుప్ప లోపలి వేడి డింభకాలను చంపుతుంది. అంచులు చల్లగా ఉంటాయి కనుక కుప్పను తిరగవేయాలి. ముంగాళ్ల వెంట్రుకలకు అంటిన బాట్ ఈగ పసుపు గుడ్లను గీకి తీసివేయాలి. గాయాలను ఈగలు వాలకుండా కాపాడాలి.

విస్తరణ సిబ్బంది గుర్రపు యజమానికి మొదట చూపవలసినది మందు సీసా కాదు, శాల వెనుక ఉన్న లద్దె కుప్ప. దానిని సరిదిద్దిన తరువాత తొడుగు కడగవలసిన అవసరం, మందు వాడవలసిన అవసరం రెండూ తగ్గుతాయి. అప్పటికీ మానని పుండు మిగిలితే ఆలస్యం లేకుండా కణజాల పరీక్షకు పంపించడం ద్వారా గుర్రాన్ని, దానిపై ఆధారపడిన కుటుంబపు జీవనోపాధిని కాపాడే అవకాశం ఉంటుంది.