గాయపడిన కుక్కను కట్టుట హింసయగునా?

జీవంధరుని కథ తెలియని జైన గృహములు అరుదు. గంధోత్కటుడను వర్తకుని యింట పెరిగిన ఆ రాజకుమారునకు ఒకనాడు దారిలో ఒక కుక్క కనబడెను. యజ్ఞమునకై ఉంచిన పదార్థమును ముట్టినదని కొందరు దానిని చావమోదిరి. జీవంధరుడు దానిని బ్రతికింప యత్నించి, సాధ్యము కాకపోగా చెవిలో ణమోకార మంత్రమును వినిపించెను. అది యక్షుడై జన్మించి అతనికి ఆపదలలో తోడ్పడెను. వాదీభసింహుడు సంస్కృతమున, తిరుత్తక్కదేవర్ తమిళమున ఈ కథను చెప్పియున్నారు. నేడు బజారులో లారీ తగిలి కాలు విరిగిన కుక్క సంగతి అట్టిది కాదు. వేళకు పశువైద్యుని యొద్దకు చేర్చినచో అట్టివి పెక్కు బ్రతుకును. కావున మంత్రము వినిపించి సాగిపోవుట చాలదు, పట్టి చేర్పవలెను.

ధర్మబుద్ధి గలవారికే ఇక్కడ సంకోచము కలుగుచుండును. అహింసాణువ్రతమునకు తత్త్వార్థసూత్రము చెప్పు ఐదు అతిచారములలో మొదటిది బంధము, అనగా ప్రాణిని కట్టివేయుట. మూతికి గుడ్డ కట్టి దుప్పటిలో చుట్టుట ఆ దోషము క్రిందికి రాదా? అదే గ్రంథము హింసకు మూలము ప్రమాదమనుచున్నది. కషాయముతోనో అజాగ్రత్తతోనో కూడిన ప్రవర్తనయే ప్రమాదము. కోపముచేతనో లాభాపేక్షచేతనో కట్టుట అతిచారము. ప్రాణరక్షణకై, కావలసినంతసేపు మాత్రమే, మెత్తని గుడ్డతో కట్టుట అట్టిది కాదు. నిజమునకు దోషము రెండవ వైపుననే ఉన్నది. మూతి కట్టక ఎత్తబోయి కరిపించుకొన్నవాడు తాను బాధపడుటయే గాక, ఆ కుక్కకు కరచు కుక్కయను పేరు తెచ్చి దాని ప్రాణమునకే ముప్పు కలిగించును.

నొప్పితోనున్న కుక్క అన్నము పెట్టిన చేతినైనను కరచును. కాని సాధారణముగా ముందు తెలిపియే కరచును. తోకను కాళ్ళ నడుమకు ముడుచును, చెవులు వెనుకకు వాల్చును, మాటిమాటికి మూతి నాకుకొనును, నిద్ర రాకయే ఆవులించును, కన్నుల తెలుపు కనబడునట్లు ప్రక్కకు చూచును. గుర్రుమన్నందులకు అదలింపరాదు. అది హెచ్చరిక.

మొదట చూడవచ్చిన జనమును దూరముగా పంపవలెను. అన్నిటికంటె కష్టమైన పని ఇదియే! పిమ్మట ఒక్కరు, కన్నులలోనికి చూడక, ప్రక్కవాటుగా మెల్లగా చేరి కూర్చుండవలెను. తలపై చేయి వేయరాదు. పారిపోవుదానిని తరిమినచో రోడ్డు మీదికే ఉరుకును. మూతికట్టుకు పొడవైన మెత్తని పేలిక చాలును. బట్టల దుకాణములో ముక్కలకు కొదువ యేమి? దానిని ఉచ్చుగా వేసి మూతికి తగిలించి, కొసలను గడ్డము క్రిందుగా తీసి చెవుల వెనుక ముడివేయవలెను. వాంతి చేసికొనుచున్న, ఊపిరాడని, స్పృహ తప్పిన కుక్కకు మూతి కట్టనే రాదు. నడుము దెబ్బతిన్నదని తోచినచో చేతులతో ఎత్తక పలక మీదికి జరుపవలెను. పాత దుకాణముల తలుపు పలక ఇందుకు చక్కగా సరిపోవును. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టవలెను. నోట పాలు పోయుట, మనుష్యుల నొప్పి బిళ్ళలు మ్రింగించుట మేలు కాదు, కీడు.

పుండులో పురుగులు పడిన కుక్క విషయము మరింత చిక్కైనది. ఈగల గ్రుడ్ల నుండి పుట్టిన ఆ పురుగులు బ్రతికియున్న మాంసమునే తొలుచును. తీసిన అవి చచ్చును, అవియు త్రసజీవములే. అందువలన చూచియు చూడనట్లు పోవువారు కలరు. గృహస్థు ముఖ్యముగా విడువవలసినది సంకల్పహింస. పుండు మాన్పువానికి చంపవలెనను సంకల్పము లేదు. ఈ సమాధానము అందరికిని తృప్తి కలిగింపకపోవచ్చును. కాని కుక్కను కుళ్ళనిచ్చుట దయ యనిపించుకొనదు. గాయము కనబడిన నాడే వైద్యునిచే కడిగించి మందు వేయించినచో ఈ ధర్మసంకటమే చాలవరకు రాదు.

ఎంత జాగ్రత్తపడినను పన్ను దిగవచ్చును. వెంటనే 15 నిమిషములు సబ్బుతో, ధారగా పడు నీటితో కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. పసుపు, సున్నము, కారము అద్దరాదు. రేబిస్ లక్షణములు బయటపడిన పిమ్మట మరణము దాదాపు తప్పదు. బొడ్డు చుట్టు 14 సూదులను తలచి జంకు పెద్దలు ఇంకను ఉన్నారు. గొర్రె మెదడుతో చేయు ఆ టీకా వాడకమును మన దేశమున 2005 నాటికే మానివేసిరి. ఇప్పటి టీకా చేతికి వేయుదురు. గాయము లోతైనచో గాయము చుట్టు వేయు వేరొక మందు కూడ అవసరమగును. కారణము లేక మీదపడి కరచుచు, తూలుచు, చొంగ కార్చుచున్న కుక్కను ఎవరును ముట్టరాదు. పురపాలక సంఘమునకు తెలుపవలెను.

కోలుకొన్న కుక్కకు సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించి, టీకా వేయించి, పట్టిన చోటనే విడువవలెనని 2023 నాటి నియమములు చెప్పుచున్నవి. బడులు, ఆసుపత్రులు, బస్ స్టాండులు, రైల్వే స్టేషన్లలో పట్టినవానిని మాత్రము తిరిగి అచట విడువరాదని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఉత్తరువు చేసినది. వీధికుక్కను దాని వీధికే చేర్పవలెను. తెలియని పేటలో దింపినచో అచటి కుక్కలే దానిని మరల గాయపరచును.