జానెడు నీరు

పిల్లలూ! రెండు గాజుగ్లాసుల్లో సగం వరకు నీరు పోయండి. ఒకదానిలో మంచుముక్క వేయండి. రెండవదానిలో నీటికి పైగా నిలిచే రాయినుంచి, దానిపై మంచుముక్క పెట్టండి. నీటిమట్టాలు గుర్తించండి. మంచు కరిగాక మొదటి మట్టం మారదు, రెండవది పెరుగుతుంది. ఎందుకు? తేలే మంచు తన బరువుకు సమానమైన నీటిని ముందే తొలగించింది.

గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల మంచు రాతిపై ముక్క వంటిది. బొగ్గు, పెట్రోలు మండించగా వెలువడే కార్బన్ డయాక్సైడ్ వల్ల భూమి వేడెక్కి, అది కరుగుతున్నది. వేడికి సముద్రజలం వ్యాకోచిస్తున్నది కూడా. 1900 నుండి ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు, అంటే జానెడు పెరిగింది. అనకాపల్లి జిల్లా పూడిమడక తీరంలో తుపాను ఉప్పెనకు ఆ జానెడు తోడైతే, మత్స్యకారుల ఇళ్లకూ, పడవలకూ ముప్పే.

మరి ఆర్కిటిక్ సముద్రంపై తేలే మంచు ఏ గ్లాసు వంటిదో చెప్పగలరా?