అంటే ఏమిటండీ?

ఒక రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట, చెట్టు కింద, దస్తావేజులు రాసే ఆయన బల్ల పక్కన నా వంతు కోసం కూర్చున్నాను. నా ముందు ఒక తండ్రీ కొడుకూ ఉన్నారు. కొడుకు డిగ్రీ చదివినవాడు. కాగితం పైన పెద్ద అక్షరాల్లో 'అఫిడవిట్' అని ఉంది. "ఏం రాశార్రా ఇందులో?" అన్నాడు తండ్రి. కుర్రాడు ఒకసారి కాగితం వంక, ఒకసారి రాసే ఆయన వంక చూసి, "మామూలేలే నాన్నా, పెట్టెయ్" అన్నాడు. ఆయన సంతకం పెట్టేశాడు.

కుర్రాడికి ఆ మాట తెలియదని అతను తల దించుకున్న తీరే చెప్పింది. తెలియకపోవడంలో తప్పేమీ లేదు. ఇంత చదివీ తెలియదంటే ఏమనుకుంటారోనన్న సిగ్గు ఉంది చూశారూ, అది వాళ్ల నాన్న చేత అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టించింది. ఆ సిగ్గు గురించే నా బాధంతా.

అసలు అఫిడవిట్ పుట్టుకతో ఇంగ్లీషు మాట కాదు, లాటిన్. "ప్రమాణం చేశాడు" అని దాని అర్థం. అంతే. 'ఎలిబి' కూడా లాటినే: "ఇంకోచోట". నేరం జరిగిన వేళకు నేను ఇంకోచోట ఉన్నానని చెప్పుకోవడం. మన రాజ్యాంగం 32, 226 అధికరణాల్లో కనిపించే 'హెబియస్ కార్పస్'కు, మనిషిని తెచ్చి కోర్టు ఎదుట నిలబెట్టమని తాత్పర్యం. ఇల్లు కుదువ పెట్టేటప్పుడు బ్యాంకులో వినే 'మార్ట్‌గేజ్' పాత ఫ్రెంచి. మార్ట్ అంటే చచ్చిన, గేజ్ అంటే తాకట్టు. బాకీ తీర్చకపోతే ఆ భూమి అప్పు తీసుకున్నవాడికి చచ్చినట్టే, తీరిస్తే అప్పిచ్చినవాడికి చచ్చినట్టే అని 17వ శతాబ్దంలో ఎడ్వర్డ్ కోక్ అనే ఇంగ్లీషు న్యాయకోవిదుడు వివరించాడు. హైకోర్టులో ప్రధాన న్యాయమూర్తి కాక మిగిలినవారిని 'ప్యూనీ' జడ్జీలంటారు. ఫ్రెంచిలో దానికి తర్వాత పుట్టినవాడని అర్థం, మన లెక్కన తమ్ముడు. పుట్టింట్లో ఇవన్నీ నలుగురూ ఆడుకున్న మాటలే. ఊరు దాటి వచ్చి నల్లకోటు తొడుక్కునేసరికి మనకు బెదురు పుడుతోంది.

ఈ బెదురు ఇంగ్లీషువాళ్లకూ ఉండేది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కాలక్రమంలో అక్కడి కోర్టుల్లో ఫ్రెంచి వాదన భాష అయింది, రికార్డులేమో లాటిన్‌లో. మూడో ఎడ్వర్డ్ కాలంలో, 1362లో, వాదనలు ఇంగ్లీషులో సాగాలని చట్టం చేశారు. కారణం ఆ చట్టంలోనే రాశారు: జనానికి ఫ్రెంచి రాదు, తమ తరఫున ఏం చెబుతున్నారో, తమ మీద ఏం మోపుతున్నారో వాళ్లకు తెలియడం లేదు. ఆ చట్టాన్ని కూడా ఫ్రెంచిలోనే రాశారంటే అలవాటు ఎంత బలమైనదో చూడండి. రికార్డులు కూడా ఇంగ్లీషులోకి రావాలన్న నియమం అమలు కావడానికి 1733 దాకా పట్టింది. 1999 ఏప్రిల్‌లో ఇంగ్లండు, వేల్స్ సివిల్ కోర్టులు 'ప్లెయింటిఫ్' అన్న ఫ్రెంచి వారసత్వపు మాటను కూడా పక్కనపెట్టి, మామూలు మనిషికి తెలిసే 'క్లెయిమెంట్'ను తెచ్చుకున్నాయి. ఆరు వందల ఏళ్లకు పైగా ఇంగ్లీషువాళ్లే తమ కోర్టును "అంటే ఏమిటండీ?" అని అడుగుతూ వచ్చారన్నమాట. ఇక మనం అడిగితే పోయే పరువేమిటి?

సైనికుల తీరు వేరు. మాటల విషయంలో వాళ్ల చొరవ నాకు చాలా ఇష్టం. మన దేశానికొచ్చిన బ్రిటిష్ సిపాయి వ్యాకరణం పూర్తయ్యేదాకా ఆగలేదు. బజారులో, వంటశాలలో చెవిన పడ్డది పడ్డట్టు నోట వేసుకున్నాడు. 'దేఖో' విని 'డెకో' అన్నాడు, ఒకసారి చూసిరావడానికి. రోటీ 'రూటీ' అయింది. ఖుషీలోంచి 'కుషీ' వచ్చింది, కష్టం లేని డ్యూటీకి. పర్షియన్‌లో ఖాక్ అంటే దుమ్ము. 1846లో పెషావర్‌లో హ్యారీ లమ్స్‌డెన్ ఏర్పాటు చేసిన గైడ్స్ దళం తొలినాళ్లలో ఆ దుమ్ము రంగు బట్టలు కట్టింది. అక్కణ్ణించి ఖాకీ ప్రపంచమంతా పాకింది. నాసిక్ దగ్గర దేవ్‌లాలీ ఉంది. నౌకరీ ముగిసిన సిపాయిలు ఇంటికెళ్లే ఓడ కోసం అక్కడి శిబిరంలో నెలల తరబడి పడిగాపులు కాసేవారు. ఎండ, జ్వరాలు, చేయడానికి పని లేకపోవడం. మతి చెదిరినవాణ్ణి చూసి 'డూలాలీ టాప్' తగిలిందనేవారు. ఆ టాప్ మన తాపమే.

వీటన్నిటిలో నన్ను కదిలించేది 'బ్లైటీ'. విలాయతి అంటే పరదేశానిది, సీమది. మనవాళ్లు బిలాయతి అంటే సిపాయి దాన్ని బ్లైటీ చేసుకుని తన దేశానికే పేరుగా పెట్టుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి కందకాల్లో 'బ్లైటీ గాయం' అంటే ప్రాణం తీయకుండా, ఇంటికి పంపించక తప్పనంత గాయం. దాని కోసం ఆశపడినవాళ్లున్నారు. మనం పరాయిది అన్న మాట అతనికి అమ్మ ఉన్న ఊరైంది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ సిపాయి తప్పు పలికితే ఇక్కడ ఎవరూ నవ్వలేదు, చేతిలో తుపాకీ ఉంది కనుక. మనం తప్పు పలికితే నవ్వేవాళ్లుంటారు. అందుకని మనకు అతనికన్నా ఎక్కువ గుండె కావాలి. నవ్వినా సరే, మాట వదలకండి. మన పందికొక్కును 'బాండికూట్' అని పలికి, అదే పేరు ఆస్ట్రేలియాలో వేరే జంతువుకు తగిలించినవాళ్లు ఉచ్చారణ గురించి సిగ్గుపడలేదు.

అయితే మాట నోటికొచ్చింది కదా, అర్థమూ వచ్చేసిందనుకోకండి. అరువు మాటలు దారిలో అర్థం మార్చుకుంటాయి. 'గంగ్ హో' చైనాలో సహకార సంఘాల పేరుకు పొట్టి రూపం. అమెరికా మెరైన్ అధికారి ఎవాన్స్ కార్ల్‌సన్ 1942లో దాన్ని "కలిసి పనిచేద్దాం" అన్న భావంతో తన దళానికి నినాదంగా ఇచ్చాడు. ఇప్పుడు ఇంగ్లీషులో ఉత్సాహం హద్దు మీరినవాణ్ణి కూడా అలాగే అంటున్నారు. అంత దూరం ఎందుకు, ముద్దాయినే తీసుకోండి. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు, దావా వేసినవాడు. తెలుగులో నేరం మోపబడినవాడు! మాట ఒకటే, నిలబడే బోను మారిపోయింది. రాజీనామా ఉర్దూలో రాజీపడుతూ రాసుకునే కాగితం, మనకు ఉద్యోగం వదులుకుంటూ ఇచ్చే కాగితం. ఇద్దరూ ఒకే మాట పలికి, ఇద్దరూ తల ఊపి, చెరో అర్థంతో ఇంటికెళ్లే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

అందుకే నేను ఒక అలవాటు చేసుకున్నాను, మీరూ ఈ రోజే మొదలుపెట్టండి. తెలియని మాట ఎదురైతే అర్థం అడగండి. చెప్పాక, దాన్ని మీ తెలుగులో తిప్పి చెప్పండి. "అంటే నేను వాయిదాలు కట్టలేకపోతే మీరు ఇల్లు అమ్ముకోవచ్చు, అంతేనా?" "అంటే రెండేళ్లలోపు ఉద్యోగం మానేస్తే ఈ డబ్బు నేను కట్టాలి, అవునా?" ఎదుటివాళ్ల చేత అవుననిపించుకోండి. కాదంటే ఇంకోసారి అడగండి. కొత్త ఉద్యోగంలో మీటింగులో అందరూ తల ఊపుతున్నప్పుడు మీరు అడిగారనుకోండి, తర్వాత కారిడార్‌లో ఒకరిద్దరు వచ్చి "మంచిపని చేశావు, నాకూ తెలియదు" అంటారు. నాకు చాలాసార్లు జరిగింది. అడగందే అమ్మైనా పెట్టదన్నారు, ఆఫీసు పెడుతుందా?

తెలిసినవాళ్లకూ ఒక మాట. మీరు వకీలో, డాక్టరో, టీమ్ లీడరో అయితే, ఎదుటి మనిషి అడిగేదాకా ఆగకండి. మీకు నోట తిరిగిన మాట అతనికి గోడ కావచ్చు. గోడ అవతలివాణ్ణి తెలివితక్కువవాడనుకోవడం అన్యాయం.

సైన్యానికీ కోర్టుకూ ఉమ్మడిగా ఒక మాట ఉంది, 'పెరోల్'. ఫ్రెంచిలో దాని అర్థమే 'మాట'. యుద్ధంలో పట్టుబడ్డ అధికారి, మళ్లీ మీ మీద ఆయుధం పట్టనని మాట ఇస్తే వదిలేసేవారు. తర్వాత అది జైలు నుంచి షరతు మీద విడిచిపెట్టడానికి వాడుక అయింది. మాట ఇచ్చేవాడికి తాను ఏ మాట ఇస్తున్నాడో తెలిసి ఉండాలన్నది అందులో ఇమిడి ఉంది. అఫిడవిట్ కూడా అలాంటిదే కదా, ప్రమాణం. ఆ చెట్టు కింద కూర్చుని నేను ఆలోచించింది ఇదే: ఒక పెద్దాయన ఇప్పుడే ప్రమాణం చేశాడు, దేని మీదో ఆయనకు తెలియదు.

లేచి బల్ల దగ్గరికెళ్లాను. "అయ్యా, ఆ కాగితంలో ఏముందో ఆయనకు కాస్త తెలుగులో చెబుతారా?" అన్నాను. రాసే ఆయన ఏమీ విసుక్కోలేదు. కళ్లజోడు సర్దుకుని, ఒక్కో లైను కింద వేలు పెట్టి, రెండు నిమిషాల్లో చెప్పేశాడు. తండ్రి ప్రతి లైనుకూ "ఊఁ" కొట్టాడు. అంతా అయ్యాక కుర్రాడు బల్ల మీదికి వంగాడు. సంతకం కింద ఉన్న మాట మీద వేలు పెట్టి, "మరి ఈ 'డెపోనెంట్' అంటే ఏమిటండీ?" అన్నాడు.