చివరి ఆయకట్టు: కృత్రిమ మేధ – ప్రభుత్వ కర్తవ్యము

నెల్లూరునకు ఈశాన్యమున, పెన్నానది సముద్రమును చేరు ప్రాంతమునందు విడవలూరు కలదు. ఒక ప్రక్క వరిచేలు, మరియొక ప్రక్క రొయ్యల చెరువులు, వానికి ఆవల రామతీర్థపు సముద్రతీరము. ఈ ప్రాంతపు పొలములు వానను మాత్రమే నమ్ముకొన్నవి కావు. ఎగువన సంగము వద్ద పెన్నకు అడ్డముగా కట్టిన కట్ట నుండి నీరు బయలుదేరి, పెద్ద కాలువలను, పిల్ల కాలువలను దాటి తీరము దాక రావలెను. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చట కట్టిన ఆనకట్ట పాతబడగా, దానికి బదులుగా నిర్మించిన బ్యారేజి 2022 సెప్టెంబరులో ప్రారంభమైనది.

ఒక రైతు ఎంతటి కష్టజీవి యైనను పెన్నకు ఆనకట్ట కట్టలేడు. పది ఊళ్ళవారు కలిసినను కట్టలేరు. అది ప్రభుత్వము చేయవలసిన పని. కాని ఆనకట్ట కట్టిన ప్రభుత్వము నాగలి పట్టదు, నారు పోయదు. ఆ పని రైతుది. ఈ రెండు పనులకు గల భేదమును గ్రహించినచో, మనము ఇప్పుడు తెలిసికొనబోవు విషయము సులభముగా బోధపడును. ఆ విషయము కృత్రిమ మేధ. ఒక ప్రభుత్వము దానిని దేశమంతటికి అందుబాటులోనికి తేవలెనన్న ఏమేమి సమకూర్చవలెను? ఏ పనిని ప్రజలకు విడిచిపెట్టవలెను?

మొదట కృత్రిమ మేధ యన నేమో చూతము. మానవుడు బుద్ధిచేత చేయు కొన్ని పనులను యంత్రముచేత చేయించు విద్యకు ఆ పేరు. వరి ఆకుమీద మచ్చలు కనిపించినవనుకొందము. అది అగ్గితెగులా, పొడతెగులా? అనుభవము గల రైతు చూచిన వెంటనే చెప్పును. ఏండ్ల తరబడి వేలకొలది ఆకులను చూచుటచేత అతనికి ఆ నేర్పు అలవడినది. యంత్రమునకు కూడ అట్లే నేర్పుదురు. ఇది అగ్గితెగులు, ఇది పొడతెగులు అని నిపుణులు గుర్తించిన వేలకొలది చిత్రములను దానికి చూపుదురు. వానిలోని పోలికలను, భేదములను అది లెక్కకట్టుకొనును. పిమ్మట ఒక కొత్త ఆకును చూపగా, ఇది ఫలానా తెగులు కావచ్చునని చెప్పును. ‘కావచ్చును’ అను మాటను మరువరాదు. యంత్రము చెప్పునది అంచనాయే గాని వేదవాక్కు కాదు.

ఇట్టి యంత్రమును సిద్ధము చేయుటకు ముఖ్యముగా ఐదు కావలెను: లెక్కలు కట్టు యంత్రశక్తి, నమ్మదగిన సమాచారము, ప్రజల భాష, నేర్పరులైన మనుష్యులు, హద్దులు గీయు చట్టము.

యంత్రశక్తి ఆనకట్ట వంటిది. మిక్కిలి పెద్ద యంత్రములకు నేర్పుటకు జీపీయూలు అను ప్రత్యేక ప్రాసెసర్లు వేలకొలది కావలసి రావచ్చును. ఒక విద్యార్థి గాని, చిన్న సంస్థ గాని వానిని కొనలేరు. మన దేశమున నీతి ఆయోగ్ 2018 జూన్ నెలలో కృత్రిమ మేధకు జాతీయ వ్యూహపత్రమును వెలువరించెను. 2024 మార్చి 7వ తేదీన కేంద్ర మంత్రివర్గము ఇండియా ఏఐ మిషన్ అను పథకమును ఆమోదించి, ఐదేండ్లకు 10,371.92 కోట్ల రూపాయలు కేటాయించెను. అందులో అన్నిటికంటె పెద్ద వాటా యంత్రశక్తికే ఉద్దేశింపబడినది. ప్రభుత్వము ఆ ప్రాసెసర్లను తానే కొని ఒకచోట పేర్చలేదు. వానిని నడపు కంపెనీలతో ఒడంబడిక చేసికొని, అద్దెలో కొంత భాగమును తాను భరించుచున్నది. 2025 నాటికి ఇట్లు 38 వేలకు పైగా జీపీయూలు సమకూరినవి. గంటకు సుమారు 65 రూపాయల అద్దెకు పరిశోధకులు వానిని వాడుకొనవచ్చును.

కాని ఈ ప్రాసెసర్ల తయారీలో ఇతర దేశములదే పైచేయి. ఆ కొరతను తీర్చుకొనుటకు మన ప్రభుత్వము 2021 డిసెంబరులో 76,000 కోట్ల రూపాయలతో సెమీకండక్టర్ల పథకమును చేపట్టినది. విశాఖపట్నమున ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో గొప్ప డేటా కేంద్రమును నిర్మింతుమని గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించినది. ఇట్టి కేంద్రములకు విద్యుత్తు మిక్కుటముగా కావలెను. యంత్రములు వేడెక్కకుండ చల్లబరచుటకు నీరు కూడ కావలసి రావచ్చును. వాని లెక్క ముందే చూచుకొనుట ప్రభుత్వపు బాధ్యత. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. యంత్రములు మన నేలమీద నున్నంత మాత్రమున వాని విద్య మనది కాదు. నది ఊరి ప్రక్కనే పారినను, కాలువ లేనిచో చేను తడవదు.

ఇక సమాచారము. ఇది ఆనకట్టలో నిలుచు నీరు వంటిది. కొన్నాళ్ళలో సృష్టింపదగినది కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగిన ఒక ప్రయోగము దీనికి సాక్ష్యము. కర్నూలు జిల్లాలోని దేవనకొండ మండలము వానలకు మొగము వాచిన ప్రాంతము. అచ్చట వేరుసెనగను ఎప్పుడు విత్తవలెనను ప్రశ్న రైతునకు ప్రాణసంకటము. తొందరపడి విత్తినచో మొలకలు ఎండిపోవును; ఆలస్యము చేసినచో అదను దాటిపోవును. 2016లో పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ, మైక్రోసాఫ్ట్ సంస్థ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కలిసి, ఆ ప్రాంతపు ముప్పదేండ్ల వాతావరణ వివరములను యంత్రమునకు ఇచ్చి విత్తు సమయమును లెక్కింపజేసిరి. 175 మంది రైతులకు వారి ఫోనులకే తెలుగులో సందేశములు పంపిరి. జూన్ నెల మొదట విత్తుట వాడుక కాగా, ఆ నెల చివరి వారము వరకు ఆగుడని సలహా వచ్చెను. ఆగి విత్తినవారికి దిగుబడి సగటున 30 శాతము అధికమైనట్లు లెక్క తేలెను.

ఈ ప్రయోగమున యంత్రము ఎంత ముఖ్యమో, ముప్పదేండ్ల వానల లెక్క అంత ముఖ్యము. ఆ లెక్కలను వ్రాసి యుంచినవారికి, అవి ఒకనాడు ఇట్లు ఉపయోగపడునని తెలియదు. అయినను వారు తమ పనిని శ్రద్ధతో చేసిరి. అయితే 175 మంది రైతులు, ఒక్క కారు పంట చాలినంత పరీక్ష కావు. మంచి సంవత్సరములందును చెడ్డ సంవత్సరములందును పరీక్షించి నిలిచినదే నమ్మదగిన సలహా.

సముద్రమునకు కూడ ఇట్టి లెక్కలే కావలెను. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అను కేంద్ర ప్రభుత్వ సంస్థ, సముద్రజలపు వేడిమిని రంగును ఉపగ్రహములచేత కనిపెట్టి, చేపలు దొరకు అవకాశమున్న చోట్లను మత్స్యకారులకు తెలియజేయుచున్నది. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ నెల్లూరు తీరమును కూడ తాకినది. ఆ పిమ్మట 2007లో ఆ సంస్థయందే సునామీ హెచ్చరిక కేంద్రము ఏర్పడినది. ఇట్టి వివరములు ప్రజల సొమ్ము. శాఖల దస్త్రములలో మూలుగుచున్నచో అవి నిరుపయోగములు. శుద్ధిచేసి, అందరికి అందించినప్పుడే అవి కాలువలో పారు నీరగును. ఇండియా ఏఐ మిషన్‌లో ఏఐ కోశ్ అను భాండాగారము ఈ ఉద్దేశముతోనే 2025లో ఏర్పడినది.

మూడవది భాష. నీరు పొలమునకు రావలెనన్న పిల్లకాలువ కావలెను గదా! సామాన్యుని పొలమునకు ఈ విద్యను తెచ్చు పిల్లకాలువ మాతృభాషయే. ప్రపంచమున కంప్యూటర్లలో నిలువయున్న వ్రాతలో ఇంగ్లీషు వాటా చాల హెచ్చు. కోట్లమంది మాటలాడు తెలుగు వాటా చాల తక్కువ. అందుచేత యంత్రములు ఇంగ్లీషులో చక్కగా పలికి, తెలుగులో తడబడుచున్నవి. పుస్తకముల తెలుగును గ్రహించిన యంత్రము కూడ, నెల్లూరి రైతు యాసను, పడవవాని మాటను గ్రహింపలేకపోవచ్చును. కేంద్ర ప్రభుత్వము 2022లో ప్రారంభించిన భాషిణి పథకము ఈ లోటును తీర్చుటకు పుట్టినది. అందులో భాషాదాన్ అను ఏర్పాటు కలదు. పౌరులెవరైనను తమ భాషలో వాక్యములను చదివి, తమ గొంతును దేశమునకు దానము చేయవచ్చును. మీ ఇంటి అవ్వ మాటలాడు తెలుగు కూడ జాతీయ సంపదయే యని దీనివలన తెలియుచున్నది.

నాలుగవది మనుష్యులు. యంత్రములను కొనవచ్చును, మేధావులను పెంచవలెను. శ్రీకాళహస్తికి సమీపమున కాటూరు అను పల్లె కలదు. అచ్చట 1937లో ఒక రైతు కుటుంబమున జన్మించిన రాజ్ రెడ్డిగారు మదరాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టము పొంది, ఆస్ట్రేలియాలో పై చదువు చదివి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున 1966లో డాక్టరేటు సంపాదించిరి. మనుష్యుని మాటను కంప్యూటరు గ్రహించునట్లు చేయుటకు వారు పరిశోధనలు జరిపిరి. కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి గొప్పదైన ట్యూరింగు పురస్కారము వారికి 1994లో లభించినది. ఆసియా ఖండమున పుట్టినవారిలో దానిని మొదట పొందినవారు వారే.

కాటూరి బాలునికి గల తెలివి ఏ పల్లెలోనైనను పుట్టవచ్చును. కాని ఆ తెలివికి బడియు, కళాశాలయు దొరకనిచో అది మట్టిలోనే అణగిపోవును. ఈ సంగతి యెరిగిన రాజ్ రెడ్డిగారు, పల్లెటూరి విద్యార్థులకై 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడుటకు ఎంతయు తోడ్పడిరి. ప్రజలు ట్రిపుల్ ఐటీ అని పిలుచు నూజివీడు, ఇడుపులపాయ, బాసర విద్యాలయములు దాని ఫలములే. పదవ తరగతి ముగిసిన వెంటనే వానిలో చేరవచ్చును. ఎనిమిదవ తరగతి చదువుచున్న మీకు ఆ దినము ఎంతో దూరమున లేదు.

ఐదవది చట్టము. కాలువకు గట్టు లేనిచో నీరే చేను ముంచును. రొయ్యల రైతునకు యంత్రము తప్పు సలహా ఇచ్చి చెరువు నష్టమైనచో బాధ్యులెవరు? ఒకరి ఫోటోను, గొంతును వారి అనుమతి లేక వాడి అబద్ధములను పుట్టించినచో శిక్ష యేమి? ఈ ప్రశ్నలకు సమాధానము వ్యాపారులకు విడువరాదు. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకై ఒక చట్టమును చేసెను. పదునెనిమిదేండ్లు నిండని వారి సమాచారమును వాడుకొనవలెనన్న తల్లిదండ్రుల అనుమతి పొందవలెనని అందు కలదు. చట్టము వ్రాసినంత మాత్రమున చాలదు. దెబ్బతిన్న వానికి మొరపెట్టుకొను చోటు దగ్గరలో నుండవలెను.

ఈ ఐదింటిని సమకూర్చి ప్రభుత్వము ఆగవలెను. ఏ పంట వేయవలెనో శాసింపరాదు. జపాను ప్రభుత్వము 1982లో ఐదవ తరము కంప్యూటరు అను గొప్ప పథకమును ఆరంభించి, ఒక ప్రత్యేక విధానమునందు పదేండ్లు ధనమును, శ్రమను వెచ్చించెను. ఇంతలో ప్రపంచము సామాన్య కంప్యూటర్ల త్రోవనే సాగిపోయెను. జపాను ఆశించిన ఫలము దక్కలేదు. కాని ఆ పథకమున తరిఫీదు పొందిన పరిశోధకులు మిగిలిరి. యంత్రము పాతబడును, విద్య మిగులును అని దీనివలన తెలియుచున్నది.

మరి జాతీయ పథకము నెరవేరినదని ఎట్లు గుర్తింపవలెను? కోట్ల రూపాయలను లెక్కపెట్టియా? ప్రాసెసర్లను లెక్కపెట్టియా? కాదు. ఆనకట్ట దగ్గర నిలిచి చూచినవానికి నీరు ఎప్పుడును సమృద్ధిగానే కనిపించును. కాలువ పనితనము తెలియవలెనన్న చివరి ఆయకట్టునకు పోయి చూడవలెను. ఎగువవారు ఎక్కువ తోడుకొన్నచో మొదట ఎండునది ఆ చివరి మడియే. విడవలూరి వంటి తీరగ్రామములు అట్టి చివరి మడులు. అచ్చటి రైతు తన మాటలో అడిగి సరియైన సలహా పొందిన దినమున, అచ్చటి బడిపిల్ల ఈ విద్యను వాడుకొనుటయే గాక నిర్మించుటకు కూడ పూనుకొన్న దినమున, ఆనకట్ట కట్టిన శ్రమ సార్థకమగును.

అభ్యాసము

1. కృత్రిమ మేధను స్థాపించుటలో ప్రభుత్వము చేయవలసిన పనికిని, ప్రజలు చేయవలసిన పనికిని గల భేదమును ఆనకట్ట పోలికతో వివరింపుము.
2. యంత్రము వరి తెగుళ్ళను గుర్తించుటను ఎట్లు నేర్చుకొనును? దాని సమాధానమును అంచనా యని యేల అనవలెను?
3. దేవనకొండ ప్రయోగమున వానల లెక్క ఎట్లు ఉపయోగపడెను? ఆ ప్రయోగమునకు గల పరిమితి యేమి?
4. రాజ్ రెడ్డిగారి జీవితము వలన మీరు గ్రహించిన నీతి యేమి?
5. మీ ఊరి పెద్దలు వాడు పది మాటలను, పుస్తకములలో కనిపింపని వానిని, అర్థములతో సేకరించి వ్రాయుము.