నడుము నొప్పికి కైరోప్రాక్టిక్ – ఎంతవరకు ప్రయోజనం?

నడుము పట్టుకొన్నదంటే ఇంట్లో సగం పనులు ఆగిపోతాయి. బిందె ఎత్తలేము, చంటిబిడ్డను ఎత్తుకోలేము, కార్యాలయంలో గంటసేపు కూర్చోలేము. అటువంటి సమయంలో ఎవరో ఒకరు వెన్నుపూసలు సరిచేసే కైరోప్రాక్టర్ పేరు చెబుతారు. సెల్‌ఫోన్‌లో చూసిన దృశ్యాలలో రోగి వెన్ను టకటకమని మోగుతుంది, అతడు లేచి నవ్వుతాడు. ఆ చికిత్సకు పోవడం మేలా, కాదా అన్నది నేటి గృహస్థుల ప్రశ్న. దీనికి సమాధానం ఔననీ కాదు, కాదనీ కాదు. ఏ నొప్పికి, ఎప్పుడు, శరీరంలో ఏ భాగానికి అన్నదానిపై ఆధారపడి ఉంటుంది.

పుట్టుక

గ్రీకు భాషలో ‘చేయి’, ‘పని’ అనే అర్థాలు గల పదాల నుండి కైరోప్రాక్టిక్ అనే పేరు వచ్చింది. 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ పట్టణంలో డేనియల్ డేవిడ్ పామర్ దీనిని ప్రారంభించాడు. వెన్నుపూసలు స్వల్పంగా స్థానం తప్పి నరాలను అడ్డగించడమే దాదాపు సకల వ్యాధులకూ మూలమని ఆయన భావించాడు. ఆ సిద్ధాంతానికి నేటి శరీరశాస్త్రంలో ఆధారం లేదు. కనుక ఉబ్బసం, మధుమేహం, రక్తపోటు వెన్ను సరిచేసి కుదురుస్తామనే మాటలను నమ్మనవసరం లేదు. అయితే సిద్ధాంతం నిలువకపోయినా, చేతితో కీలును కదిపే ప్రక్రియ నడుము నొప్పికి ఎంత ఉపకరిస్తుందన్నది వేరుగా పరిశీలించవలసిన విషయం.

శబ్దం దేనిది?

కీలును వేగంగా కదిపినప్పుడు వచ్చే ‘టక్’ మనే శబ్దం ఎముక చోటికి చేరిన శబ్దం కాదు. కీలు లోపలి జిగట ద్రవంలో ఒత్తిడి హఠాత్తుగా తగ్గి వాయుకుహరం ఏర్పడడం వల్ల వచ్చేది. వేళ్ళు విరుచుకొన్నప్పుడు వినిపించేదీ ఇదే. ఈ వాయువు మన శాస్త్రం చెప్పే వాతదోషం కాదు. శబ్దంతో వాతం బయటకు పోయిందని సంతోషించడం పొరపాటు. శబ్దం వచ్చినా రాకున్నా ఫలితం ఒకటే. మరునాడు వంగడం, నడవడం, నిద్రపట్టడం తేలికైనదా అన్నదే అసలు కొలత.

పరిశోధనలు చెప్పేది

2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఒక సమీక్ష, దీర్ఘకాలిక నడుము నొప్పిపై జరిగిన 47 పరీక్షలను, 9,211 మంది రోగుల ఫలితాలను కలిపి చూసింది. వెన్నును చేతితో సరిచేసే చికిత్స, వ్యాయామం మొదలైన సిఫారసు చేయబడిన ఇతర చికిత్సలతో నొప్పి విషయంలో దాదాపు సమానంగా పనిచేసిందని తేల్చింది. వాటిని మించినది కాదు, వాటికి తీసిపోయినదీ కాదు.

2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వెలువరించిన మార్గదర్శకాలు మన ఇళ్ళకు మరింత ఉపయోగకరమైనవి. కొత్తగా వచ్చిన నడుము నొప్పి చాలామందిలో ఏ చికిత్స చేసినా, చేయకున్నా కాలక్రమాన తగ్గుతుందనీ, కనుక మొదట మందులు లేని మార్గాలను ఎంచుకోవాలనీ అవి చెప్పాయి. ఆ మార్గాల వరుసలో వెన్ను సరిచేయుటతో పాటు వేడి కాపడం, మర్దనం కూడ ఉన్నాయి. అనగా రుసుము చెల్లించి పొందే ఆ చికిత్స పక్కనే మన వంటింటి కాపడమూ నిలుస్తున్నది.

ఆయుర్వేద దృష్టి

చరక సంహిత ఎనభై వాతవికారాలను పేర్కొంటూ వాటిలో గృధ్రసిని చేర్చింది. పిరుదు వద్ద మొదలై తొడ, మోకాలు, పిక్కల మీదుగా పాదం వరకు పాకే నొప్పి దీని లక్షణం. నేడు సయాటికా అంటున్నది చాలావరకు ఇదే. వాతానికి చికిత్సాక్రమం స్నేహనం, స్వేదనం. ఎండిన కర్ర సైతం చమురు, వేడి తగిలితే వంగుతుందని చరకుడు పోలిక చెప్పాడు. బిగిసిన కండరాన్ని ముందు మెత్తపరచాలి, బలప్రయోగం చేయరాదు అన్నదే ఇందలి సారం. మినపపిండితో నడుముపై గట్టు కట్టి గోరువెచ్చని తైలం నిలిపే కటివస్తి కూడ ఈ సూత్రం నుండి వచ్చినదే.

ఇంటిలో చేయదగినది

నువ్వులనూనెను గోరువెచ్చగా చేసి నడుముకు పది నిమిషాలు మృదువుగా రాయాలి. తరువాత వావిలాకును ఆముదంతో వేయించి గుడ్డలో మూటకట్టి, వేడి మన చేతికి సుఖంగా తగిలేంత ఉన్నప్పుడు పావుగంట కాపడం పెట్టాలి. వావిలాకు దొరకనిచో వేయించిన రాళ్ళ ఉప్పు మూట చాలును. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారికి వేడి తెలియక చర్మం కాలవచ్చు; వారికి ఇతరులు చూసి పెట్టాలి.

రోజుల తరబడి మంచం పట్టి ఉండడం మంచిది కాదు. ఓర్చుకోగలిగినంత నడక సాగించాలి. పడుకొన్నప్పుడు మోకాళ్ళ కింద దిండు ఉంచుకొంటే నడుముకు విశ్రాంతి. నొప్పి తగ్గుముఖం పట్టిన తరువాత తెలిసినవారి వద్ద మకరాసనం, భుజంగాసనం నేర్చుకొని క్రమంగా చేయాలి. నొప్పి తిరిగి రాకుండా కాపాడేది ఈ క్రమబద్ధమైన వ్యాయామమే.

ఎప్పుడు వెళ్ళవచ్చు?

ఇంత చేసినా మూడు నాలుగు వారాలలో గుణం కనిపించనిచో ముందుగా వైద్యునికి చూపించాలి. ప్రమాదకరమైన కారణం లేదని తేలిన తరువాత, సరియైన శిక్షణ పొందినవారి వద్ద నడుముకు ఈ చికిత్స చేయించుకోవచ్చు. మంచి చికిత్సకుడు ముందు రోగచరిత్ర అడుగుతాడు, కాళ్ళ బలం, స్పర్శ పరీక్షిస్తాడు, వ్యాయామం నేర్పుతాడు. వచ్చీరాగానే బల్లపై పడుకోబెట్టేవారిని, నెలల తరబడి రావాలని ముందే రుసుము కట్టించుకొనేవారిని వదలివేయడం మంచిది. నాలుగైదుసార్లకు మార్పు లేకపోతే కొనసాగించడం వృథా వ్యయం. విరిగిన ఎముకలకు కట్టు కట్టే పుత్తూరు కట్టు వంటి పద్ధతులు వేరు, ఇది వేరు, రెంటినీ కలగలుపరాదు.

మెడ విషయంలో జాగ్రత్త

మెదడు వెనుక భాగానికి రక్తం తీసుకొనిపోయే రెండు ధమనులు మెడపూసలలోని రంధ్రాల గుండా సాగుతాయి. మెడను హఠాత్తుగా తిప్పినప్పుడు ధమని లోపలి పొర చిట్లి, రక్తం గడ్డకట్టి, పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్యగ్రంథాలలో నమోదైనాయి. ఇది అరుదే, కాని వచ్చిన నష్టం పూడ్చలేనిది. మెడనొప్పికి నెమ్మదైన వ్యాయామాలు, కాపడం ఉండగా ఈ సాహసం అనవసరం. క్షౌరశాలలో క్షవరం ముగిశాక తల పట్టుకొని మెడ విరిచే అలవాటుకు కూడ ఇదే వర్తిస్తుంది. వద్దని ముందుగానే చెప్పాలి. మెడ తిప్పిన తరువాత తీవ్రమైన తలనొప్పి, తల తిరుగుట, మాట తడబడుట, వస్తువులు రెండుగా కనబడుట జరిగితే తక్షణం ఆసుపత్రికి చేర్చాలి.

ఎవరు చేయించుకోరాదు?

• ఎముకలు గుల్లబారినవారు, ఇటీవల పడి దెబ్బ తగిలినవారు.
• రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారు.
• క్యాన్సర్ ఉన్నవారు, లేదా గతంలో వచ్చినవారు.
• నొప్పితో పాటు జ్వరం, కారణం లేని బరువు తగ్గుదల ఉన్నవారు.
• కాలు లేదా పాదం బలహీనపడుతున్నవారు.

మూత్రం బిగుసుకొనుట, మలమూత్రాలపై అదుపు తప్పుట, తొడల మధ్య స్పర్శ పోవుట కనిపిస్తే అది నరాలు నలిగిపోతున్న అత్యవసర స్థితి. అప్పుడు కాపడమూ, తైలమూ, కైరోప్రాక్టిక్ ఏదీ తగదు. గంటలు గడిచినకొద్దీ నష్టం శాశ్వతమవుతుంది గనుక అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

సారాంశం: సాధారణమైన నడుము నొప్పికి కైరోప్రాక్టిక్ కొంత ఉపశమనం ఇవ్వగలదు, అయితే ఇంటి కాపడం, మర్దనం, నడకలను దాటి పరుగెత్తవలసినంత గొప్పది కాదు. ముందు ఇంటి వైద్యం, తగ్గనిచో పరీక్ష, ఆ తరువాతనే వెన్నుపై ఇతరుల చేయి – ఈ క్రమం తప్పకుండుటే క్షేమం.