శంకరశాస్త్రి గీచుకొన్న గిరి

1980లో వెలువడిన "శంకరాభరణము" చలనచిత్రమును మన విద్యార్థులలో పెక్కురు ఇంటి పెద్దలతో కూడి చూచియే యుందురు. దానికి దర్శకులు కె. విశ్వనాథ్ గారు, సంగీతము కూర్చినవారు కె. వి. మహదేవన్ గారు. శంకరశాస్త్రి పాత్రను ధరించిన జె. వి. సోమయాజులు గారు శ్రీకాకుళ ప్రాంతమున జన్మించిరి. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమగు వరకు ఆ ప్రాంతము మన గంజాం జిల్లాలోనిదే. కనుక ఆయనను మనవారిగా తలచుట తప్పు కాదు.

శంకరశాస్త్రి కర్ణాటక సంగీతమే తన లోకమని గిరి గీచుకొనెను. కాలము మారినది, శ్రోతలు తగ్గిరి, ఇంట లేమి ప్రవేశించినది. ఆ పట్టుదల ఒకప్పుడు కన్నకూతురి వివాహమునకే అడ్డు వచ్చినది. అయినను ఆయన గిరి దాటలేదు. ఇది నిష్ఠయా, మొండితనమా?

రెండు ఘట్టములను పరిశీలింతము. ఒకనాటి రాత్రి కొందరు యువకులు పాశ్చాత్య బాణీలు పాడుచు ఆయన సంగీతమును పరిహసింతురు. శాస్త్రి వారి బాణీనే అవలీలగా పాడి చూపి, సంగీతమునకు ఎల్లలు లేవని బోధించును. అనగా ఆయన గిరి అజ్ఞానముచే ఏర్పడినది కాదు, తెలిసి కోరుకొన్నది. ఇక రెండవది: వేశ్యాకులమున పుట్టిన తులసిని చేరదీసినందుకు ఊరివారు ఆయనకు దూరమైరి. ఆయన మాత్రము ఆమెను వదలలేదు. ఆయన హద్దు పెట్టుకొన్నది తన కళకే గాని మనుష్యులకు కాదు. కనుకనే తుదకు ఆ తులసి కుమారుడే ఆయనకు శిష్యుడై, గురువు గొంతు ఆగిన చోట పాట నందుకొనెను. తలుపు మూసియుండినచో ఆ విద్య ఆయనతోనే అంతరించెడిది.

తెరవెనుక కథయు గమనింపదగినది. శాస్త్రికి గాత్రమిచ్చిన ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము గారు శాస్త్రీయ సంగీతమును క్రమపద్ధతిలో అభ్యసించినవారు కారు. శ్రమించి సాధన చేసి పాడిరి. జాతీయ పురస్కార మందిరి. బయటివాడును సాధనచే ఆ లోకమున ప్రవేశింపగలడని దీనివలన తెలియుచున్నది.

బరంపురమున మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో ఒడియా, చదువులో ఇంగ్లీషు, హిందీ. ఇన్నింటి నడుమ తెలుగు చిన్న లోకమే. వేరొకటి రానందున తెలుగులో మిగిలిపోవుట గొప్ప కాదు. అన్నియు నేర్చి, తెలుగును కోరి నిలుపుకొనుటయే గొప్ప. ఒడియా మిత్రుడు మన పద్యము నేర్వ వచ్చినచో ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేర్పుడు. మేము ఈ చిత్రమునుండి గ్రహించిన పాఠ మిదియే.