పెరటి కొలనులో పచ్చదనం: కొంచెం కెమిస్ట్రీ, కొంచెం పంపు లెక్క

2016 రియో ఒలింపిక్స్ చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆగస్టు 9న డైవింగ్ పోటీల కొలను ఉన్నట్టుండి ఆకుపచ్చగా మారిపోయింది. పక్కనే ఉన్న ఇంకో కొలను మాత్రం నీలంగా నిగనిగలాడుతోంది. రెండూ ఒకే ఫ్రేములో టీవీల్లో కనిపించేసరికి ప్రపంచమంతా నవ్వుకుంది. తర్వాతి రోజుల్లో ఆ రెండో కొలను కూడా రంగు మారింది. నిర్వాహకులు మొదట ఒక కారణం, తర్వాత ఇంకో కారణం చెప్పి, ఆఖరికి అసలు సంగతి బయటపెట్టారు. ఆగస్టు 5న ఆ నీళ్లలో 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారట.

క్లోరిన్ క్రిములను చంపుతుంది. పెరాక్సైడ్ కూడా చంపుతుంది. రెండూ కలిస్తే డబుల్ పవర్ రావాలి కదా అనిపిస్తుంది. కానీ ఆ రెండూ కలిస్తే ముందు ఒకదాన్నొకటి తినేస్తాయి. మిగిలేది ఆక్సిజన్, నీళ్లు, క్లోరైడ్. క్లోరైడ్ అంటే ఉప్పులో ఉండేదే, దానికి నాచు భయపడదు. కాపలావాడు లేని ఇంట్లోకి నాచు దర్జాగా దిగింది. చివరికి సింక్రనైజ్డ్ స్విమ్మింగ్ పోటీల కోసం సుమారు 37 లక్షల లీటర్ల నీళ్లు తోడేసి, ప్రాక్టీసు కొలను నీళ్లతో మళ్లీ నింపాల్సి వచ్చింది.

ఒలింపిక్ స్థాయిలో జరిగిన ఈ గొడవే చిన్న సైజులో అమెరికాలో వేల పెరళ్లలో ప్రతి వేసవీ జరుగుతుంది. అక్కడ నేల తవ్వకుండా, నేలమీదే రేకు గోడ నిలబెట్టి, లోపల వినైల్ షీటు పరిచి నీళ్లు నింపుకునే గుండ్రటి పూల్స్ ఉంటాయి. అబవ్ గ్రౌండ్ పూల్ అంటారు. పెద్ద గంగాళం అనుకోండి. మా పెద్దమ్మ కూతురు డాలస్ దగ్గర ఉంటుంది. జూన్‌లో వాళ్ల గంగాళం పచ్చబడితే ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. ఇంకేముంది, వైద్యాలే వైద్యాలు. బావగారేమో ఇంకో నాలుగు క్లోరిన్ బిళ్లలు వేద్దామన్నారు. మావయ్య పటిక కలపమన్నాడు. అమ్మమ్మ చిల్లగింజ అరగదీసి వెయ్యమంది. అక్క నాకు ఫోన్ చేసి "నువ్వు కెమికలేగా చదివేది, ఏం చెయ్యాలో చెప్పరా" అంది. ఆరోజు చెప్పినదాన్నే కాస్త సాపు చేసి ఇక్కడ రాస్తున్నా.

ముందు నీళ్లెన్నో తెలియాలి. వాళ్ల పూల్ వ్యాసం 5.5 మీటర్లు, నీళ్ల లోతు 1.2 మీటర్లు. లెక్క కడితే దాదాపు 28,500 లీటర్లు. మన మేడల మీద పెట్టే వెయ్యి లీటర్ల ట్యాంకులు ఇరవై ఎనిమిది పైనే అన్నమాట. ఇన్ని నీళ్లలో క్లోరిన్ 1 పీపీఎం పెరగాలంటే 28.5 గ్రాములు చాలు. 10 శాతం ద్రవ క్లోరిన్‌లో అయితే పావు లీటరు పైచిలుకు. ఈ ఒక్క లెక్క రాకుండా డబ్బాలు డబ్బాలు పోసేవాళ్లే ఎక్కువ.

ఇక నాచు సంగతి. మన ట్యాంకులు చాలావరకు నల్లగా ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? వెలుతురు లోపలికి పోకూడదని. వెలుతురు లేకపోతే నాచు బతకదు. అదే మూతలేని గుడి కోనేరు చూడండి, మెట్లన్నీ పాకుడు పట్టి ఉంటాయి. పెరటి పూల్‌కి నెత్తిన ఎండ, ఒంటినిండా గోరువెచ్చని నీళ్లు. నాచు బీజాల్ని గాలి, వాన, ఎండుటాకులు మోసుకొస్తాయి. ఆకులు కుళ్లితే, పచ్చికకి వేసిన ఎరువు కొట్టుకొస్తే నత్రజని, ఫాస్ఫేటు కూడా అందుతాయి. ఇక రాకుండా ఎలా ఉంటుంది? రావడాన్ని మనం ఆపలేం. వచ్చినదాన్ని వచ్చినట్టు చంపే క్లోరిన్ నీళ్లలో ఎప్పుడూ ఉండాలి, అంతే. నాచు ఒకటి రెండవుతూ, రెండు నాలుగవుతూ పెరుగుతుంది. కంటికి పచ్చగా కనపడిందంటే అప్పటికే చాలా ఆలస్యమైనట్టు.

అయితే "క్లోరిన్ ఉంది" అనే మాటలోనే తిరకాసు ఉంది. నీళ్లలో వేసిన క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం, రెండోది హైపోక్లోరైట్ అయాన్. మొదటిదానికి విద్యుదావేశం లేదు, కాబట్టి కణం గోడలోంచి సులువుగా దూరిపోయి పని పూర్తి చేస్తుంది. రెండోది రుణావేశంతో ఉంటుంది, కణం కూడా బయట రుణావేశంతోనే ఉంటుంది. గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఏ రూపం ఎంత అన్నది పీహెచ్ తేలుస్తుంది. పీహెచ్ 7.5 దగ్గర చెరిసగం. 7.2 దగ్గర మూడింట రెండొంతులు పనికొచ్చే రూపం. 8కి వెళ్తే నాలుగో వంతు కూడా ఉండదు. 8.5 దగ్గర పదో వంతు. ఇంటర్‌లో బట్టీ పట్టిన హెండర్సన్ సమీకరణం ఇదిగో ఇక్కడ పనికొచ్చింది! అందుకే పీహెచ్‌ని 7.2 నుంచి 7.8 మధ్య ఉంచమంటారు. తమాషా ఏంటంటే, పిల్లలు బాగా దూకి నీళ్లు చిమ్మితే నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ దానంతటదే పెరుగుతుంది. సరదా ఎక్కువైన ఆదివారం మర్నాడు పీహెచ్ చూసుకోవడం మంచిది.

ఎండ ఇంకో శత్రువు. రక్షణ లేని క్లోరిన్ మిట్టమధ్యాహ్నపు ఎండకి రెండు మూడు గంటల్లో చాలా భాగం హరించుకుపోతుంది. దీనికి విరుగుడుగా సైన్యూరిక్ ఆమ్లం కలుపుతారు. వాడుకలో స్టెబిలైజర్ అంటారు. ఇది క్లోరిన్‌ని పట్టుకుని గొడుగులా కాపాడుతుంది, కావలసినప్పుడు కొంచెం కొంచెంగా వదులుతుంది. ఇది ఉన్న నీళ్లలో పైన చెప్పిన పీహెచ్ తేడా అంత పదునుగా ఉండదు కూడా. బాగానే ఉంది కదా? బావగారి బిళ్లల కథ ఇక్కడే మొదలవుతుంది.

ఆ బిళ్లల్లో ఉండేది ట్రైక్లోర్. అంటే క్లోరిన్, స్టెబిలైజర్ ఒకే బిళ్లలో. అణుభారాలు తీసుకుని లెక్కేస్తే 10 పీపీఎం క్లోరిన్ ఇచ్చినప్పుడల్లా 6 పీపీఎం స్టెబిలైజర్ కూడా వచ్చి చేరుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది. స్టెబిలైజర్ మాత్రం ఆవిరి కాదు, తొందరగా విరగదు, అక్కడే కూర్చుంటుంది. రోజుకి 2 పీపీఎం చొప్పున మూడు నెలలు వాడారనుకోండి. మొత్తం 180 పీపీఎం క్లోరిన్, దాంతోపాటు దాదాపు 110 పీపీఎం స్టెబిలైజర్. గొడుగు కాస్తా గదై క్లోరిన్‌ని లోపల పెట్టి తాళం వేసినట్టే. పూల్ చూసుకునేవాళ్లు వాడే ఒక లెక్క ప్రకారం నాచు రాకుండా ఉండాలంటే క్లోరిన్ కనీసం స్టెబిలైజర్‌లో 7.5 శాతం ఉండాలి. స్టెబిలైజర్ 30 ఉంటే క్లోరిన్ 2.25 చాలు. 110 ఉంటే 8 దాటాలి. టెస్టులో 3 చూపిస్తోంది, బాగానే ఉంది కదా అనుకుంటూనే ఉంటారు, నీళ్లు పచ్చబడుతూనే ఉంటాయి. అప్పుడు ఇంకో నాలుగు బిళ్లలు వేస్తారు, సమస్య ఇంకాస్త ముదురుతుంది.

దీనికి మందు లేదు. నీళ్లు మార్చడమే. 110ని 40కి దించాలంటే మూడింట రెండొంతుల నీళ్లు పోవాలి. ఒకేసారి ఖాళీ చెయ్యకూడదు, నీళ్ల బరువు లేకపోతే వినైల్ షీటు ముడుచుకుపోతుంది, గోడ కూడా నిలబడదు. కొంత తీసి, కొంత నింపి, మళ్లీ తీసి నింపాలి. అలా విడతలుగా చేస్తే ఇంకాస్త ఎక్కువ నీళ్లే పడతాయి. ఆ తర్వాత రోజువారీకి ద్రవ క్లోరిన్ వాడుకుని, బిళ్లల్ని ఊరెళ్లినప్పటికి దాచుకోవడం మేలని నా అభిప్రాయం.

కొలవడంలోనూ ఒక మోసం ఉంది. మామూలు కిట్‌లో క్లోరిన్ ఉంటే నీళ్లు గులాబీ రంగుకి వస్తాయి. క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ రంగునే తెల్లబరిచేస్తుంది. ఒక్క క్షణం గులాబీ, తర్వాత ఖాళీ. చూసినవాళ్లు సున్నా అనుకుని ఇంకా పోస్తారు. చుక్కలు లెక్కపెట్టే కిట్ కొనుక్కుంటే ఈ బాధ లేదు. అది మనం ఫస్టియర్ ల్యాబ్‌లో చేసిన టైట్రేషనే. ఇంకో మాట: పూల్ దగ్గర గుప్పుమనే వాసన శుభ్రతకి గుర్తని చాలామంది నమ్మకం. అది క్లోరిన్ వాసన కాదు. చెమట, మూత్రంతో క్లోరిన్ కలిసి పుట్టిన క్లోరమైన్ల వాసన. వాసన వస్తోందంటే క్లోరిన్ చాలట్లేదని అర్థం.

ఇప్పుడు పంపు. మెకానికల్ మిత్రులు కూడా వినండి. గంటకి 5,700 లీటర్లు తోడే పంపు మన 28,500 లీటర్లని 5 గంటల్లో ఒకసారి తిప్పుతుంది. అంటే 5 గంటల్లో నీళ్లన్నీ ఫిల్టర్ గుండా వెళ్లాయనా? కాదు. ఫిల్టర్ నుంచి వచ్చిన నీళ్లు మళ్లీ అదే పూల్‌లో కలుస్తున్నాయి. మనం చదువుకున్న బాగా కలిసిన ట్యాంకు లెక్క ఇది. 5 గంటలకి 63 శాతం నీళ్లే కనీసం ఒకసారి వెళ్తాయి. 10 గంటలకి 86, 15 గంటలకి 95. అది కూడా అన్నిచోట్లా సమానంగా కలిస్తేనే. నిజం పూల్‌లో నిచ్చెన వెనక, షీటు ముడతల్లో, గోడ అడుగున కలిసే మూలలో నీళ్లు కదలవు. నాచు మొదట కనిపించేదీ అక్కడే. నీళ్లు తిరిగొచ్చే నాజిల్‌ని ఏటవాలుగా తిప్పి, పూల్ మొత్తం గుండ్రంగా తిరిగేలా పెడితే సగం మూలలు కదులుతాయి. మిగతా సగానికి బ్రష్షే గతి. వారానికోసారి రుద్దాల్సిందే. నాచు జిగురుపొర కట్టుకుంటే పైపొర చచ్చినా కిందిపొర బతికే ఉంటుంది.

అక్క పూల్ అప్పటికే పచ్చబడింది కాబట్టి వరస ఇలా చెప్పాను. ఆకులు, చెత్త వలతో తీసెయ్యాలి. స్టెబిలైజర్ కొలిచి, ఎక్కువుంటే నీళ్లు మార్చాలి. పీహెచ్ 7.2కి దించాలి. గోడలు, అడుగు రుద్దాలి. సాయంత్రం, ఎండ పోయాక, ద్రవ క్లోరిన్‌తో మోతాదు బాగా పెంచాలి. పంపు ఆపకూడదు. రోజుకి రెండుమూడు సార్లు కొలిచి, తగ్గినంతా మళ్లీ పొయ్యాలి. చాలామంది ఒక్కసారి పోసి ఊరుకుంటారు, మిగిలిన నాచు వారంలో తిరిగొస్తుంది. నీళ్లు పచ్చ నుంచి బూడిద రంగుకి, తర్వాత పాలనీళ్లలా మారతాయి. అదంతా చచ్చిన నాచు, ఇక ఫిల్టర్ పని. ఇసుక ఫిల్టరైతే ప్రెజర్ 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగినప్పుడు వెనక్కి కడగాలి. రాత్రి కొలిచిన క్లోరిన్ తెల్లారేసరికి 1 పీపీఎం కంటే ఎక్కువ తగ్గకపోతే లోపల తినేవాళ్లు ఎవరూ లేరని అర్థం.

మావయ్య పటిక తీసిపారేసేది కాదు. పూల్ షాపుల్లో తేర్చే మందు పేరుతో అమ్మేది చాలాసార్లు అదే అల్యూమినియం సల్ఫేట్. అమ్మమ్మ చిల్లగింజ కూడా బురదని అడుక్కి దించుతుంది. కానీ రెండూ బతికున్న నాచుని చంపవు. చచ్చినదాన్ని దించడానికి పటిక పనికొస్తుంది, దిగినదాన్ని మాత్రం ఫిల్టర్‌కి పంపకుండా నేరుగా బయటికి లాగెయ్యాలి. రాగి కలిపిన నాచుమందులు కూడా ఉన్నాయి. బంగారు రంగు జుట్టువాళ్లకి పూల్‌లో జుట్టు పచ్చబడేది ఆ రాగివల్లే, క్లోరిన్ వల్ల కాదు. మన జుట్టుకి ఆ భయం తక్కువ.

రెండు విషయాల్లో మాత్రం వేళాకోళం వద్దన్నాను. ఆమ్లాన్నీ క్లోరిన్‌నీ ఒకే బకెట్‌లో, ఒకదాని వెంట ఒకటి కూడా పొయ్యకూడదు, విషవాయువు వస్తుంది. ట్రైక్లోర్ బిళ్లల్ని బ్లీచింగ్ పౌడర్ జాతి మందులతో కలిపితే మంట లేస్తుంది, పేలొచ్చు కూడా. గరిటె, మగ్గు కూడా దేనిది దానికే ఉండాలి.

రెండోది పిల్లల గురించి. అక్క కొడుక్కి నాలుగేళ్లు. పాలనీళ్లలాంటి పూల్‌లో పిల్లాడు మునిగితే గట్టు మీద నిలబడ్డవాళ్లకి కనపడడు. అందుకే అడుగు స్పష్టంగా కనిపించేదాకా, క్లోరిన్ మామూలు స్థాయికి వచ్చేదాకా ఎవరూ దిగకూడదు, పెద్దవాళ్లతో సహా. స్నానాలు అయ్యాక నిచ్చెన తీసేసి, వాడికి అందనిచోట పెట్టమన్నాను. నిచ్చెన లేకపోతే దాని వెనక నీళ్లు కూడా కదులుతాయి.